నేరకథా ధారావాహికలో తప్పు పట్టుకోవడం, నిరూపించడం ఎలా?

తిరుపతి నేపథ్యంగా ఒక నేరకథా ధారావాహిక మొదలైందంటే ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరతాం. చేరిన పది నిమిషాలకే ఎవరో ఒకరు ‘అలిపిరి అటువైపు కాదు కదా’ అంటారు. ఆ మాట చాలాసార్లు నిజమే అవుతుంది. కానీ అనిపించడం వేరు, నిరూపించడం వేరు. తెర మీద కనిపించిన లోపాన్ని ఎపిసోడ్, నిమిషం, ఆధారంతో సహా నమోదు చేసి, దాన్ని తీసినవాళ్ళు కూడా కాదనలేని విధంగా చెప్పాలంటే కొంత పద్ధతి అవసరం. నేను కొన్నేళ్ళుగా పాటిస్తున్న ఆ పద్ధతిని ఆసక్తి ఉన్నవారి కోసం ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా రెండు రకాల తప్పులను వేరు చేసుకోవాలి. కథ తన మాటను తానే కాదంటే అది కంటిన్యుటీ తప్పు. కథ బయటి లోకంలో ఉన్న నిజాన్ని కాదంటే అది వాస్తవ దోషం. మొదటిదానికి సాక్ష్యం తెర మీదే దొరుకుతుంది. రెండోదానికి చట్టం, వైద్యం, భూగోళం, క్యాలెండర్ వంటివాటిలో వెతకాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడితే వాదన మొదట్లోనే బలహీనపడుతుంది.

ఎపిసోడ్‌ను మొదటిసారి నోటుపుస్తకం లేకుండా చూడండి. కథ ఎక్కడ మిమ్మల్ని ఆపిందో, ఎక్కడ ‘ఇదేమిటి’ అనిపించిందో మనసులో ఉంచుకుంటే చాలు. రెండోసారి రిమోట్ చేతిలో పెట్టుకుని, ఆపుతూ రాయండి. ఎలా రాయాలో నాకు నేర్పింది మా మామగారు. ఆయన హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు, అంతకుముందు చాలాకాలం స్టేషన్ రైటర్‌గా పంచనామాలు రాశారు. నేల మీద ఎర్రటి మరక కనిపిస్తే ‘రక్తం’ అని రాయకూడదని, ‘రక్తంలా కనిపిస్తున్న మరక’ అని రాయాలని, అది రక్తమా కాదా అన్నది ల్యాబు తేల్చాల్సిన విషయమని ఆయన చెప్పేవారు. తప్పులు రాసేటప్పుడు కూడా అదే నియమం. ‘గాయం చేయి మారిపోయింది’ అని రాస్తే అది మీ తీర్పు అవుతుంది. ‘14వ నిమిషం 20వ సెకను దగ్గర కట్టు ఎడమ మణికట్టుకు ఉంది, 16వ నిమిషం 5వ సెకను దగ్గర కుడి మణికట్టుకు ఉంది’ అని రాస్తే అది చూసిన సంగతి. చూసిన సంగతిని ముందు రాసి, తీర్పును పక్క గడిలో రాయండి. ఆ పక్కనే, అది తప్పని మీకెలా తెలుసో ఒక ముక్క రాయండి. మూడో గడి ఖాళీగా మిగిలిన ప్రతి చోటా మీ పని ఇంకా పూర్తి కాలేదని అర్థం.

కంటిన్యుటీ తప్పులు ఎందుకు వస్తాయో తెలిస్తే వాటిని ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. చిత్రీకరణ కథ నడిచే వరుసలో జరగదు. ఒక ఇంట్లో జరగాల్సిన సన్నివేశాలన్నీ, అవి రెండో ఎపిసోడ్‌లోవైనా పదకొండో ఎపిసోడ్‌లోవైనా, ఆ ఇల్లు దొరికిన రెండు మూడు రోజుల్లోనే తీసేస్తారు. అందువల్ల గడ్డం, జుట్టు, బొట్టు, గాయం, చెప్పులు, గడియారం ముల్లు, గ్లాసులో మిగిలిన టీ మట్టం వంటివి దారి తప్పుతాయి. మన ప్రాంతపు కథల్లో వీటన్నిటికన్నా సులువుగా దొరికేది గుండు. ఒక పాత్ర కొండ మీద తలనీలాలు సమర్పించినట్టు చూపించారంటే, ఆ క్షణం నుంచి ఆ తల ఒక గడియారంలా పనిచేస్తుంది. మనిషి వెంట్రుకలు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. కథలో నాలుగు రోజులు గడిస్తే తల మీద నల్లటి నీడ మాత్రమే ఉండాలి, మూడు వారాలు గడిస్తే చేతికి గరుగ్గా తగిలేంత ఉండాలి. అలాంటిది, వారం తిరక్కుండానే ఆ పాత్ర పాపిడి దువ్వుకుని స్టేషన్‌కు వస్తే, విగ్గు పెట్టుకున్నాడని కథ చెప్పనంతవరకూ అది తప్పే.

తిరగేసిన షాట్లను కూడా గమనించండి. రెండు పాత్రల చూపులు కలవనప్పుడు ఎడిటింగ్‌లో దృశ్యాన్ని కుడి ఎడమలుగా తిప్పేయడం జరుగుతుంది. అద్దంలో ప్రతిబింబంలాగా గోడ మీది అక్షరాలు తిరగబడతాయి కాబట్టి అక్షరాలు లేని షాట్లనే తిప్పుతారు. అయినా చీర పమిట పట్టిచ్చేస్తుంది. ఎడమ భుజం మీద ఉన్న పమిట ఒక్క షాట్‌లో కుడి భుజానికి మారి, మళ్ళీ వెనక్కి వస్తుంది. పురుషుల చొక్కా జేబు, పోలీసు యూనిఫాం మీది నేమ్ ప్లేటు కూడా ఇలాగే దొరికిపోతాయి. నేమ్ ప్లేటు కుడి జేబు పైన ఉంటుంది, అది ఎడమకు వెళ్ళిందంటే షాట్ తిరగబడిందన్నమాట.

ఇక కథకు ఒక క్యాలెండర్ తయారుచేయండి. నా దృష్టిలో ఈ పని అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎక్కువమంది చేయనిది కూడా ఇదే. ‘నిన్న రాత్రి’, ‘మూడు రోజుల క్రితం’, ‘వచ్చే మంగళవారం’ అన్న సంభాషణలన్నిటినీ ఒక కాగితం మీద వరుసగా వేసి, హత్య జరిగిన రోజును మొదటి రోజుగా పెట్టుకుని లెక్కించండి. తేదీ చెప్పకపోయినా పండుగలు, పంటలు, నదులు తేదీ చెబుతాయి. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరనే తీసుకుందాం. అది మే నెలలో జరుగుతుంది. జాతరలో భక్తులు వేసే వేషాలకు రోజుకొకటి చొప్పున ఒక వరుస ఉంది. బైరాగి వేషానికి ఒంటికి తెల్లటి నామకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం పూసుకుంటారు. ఆ తరువాత మాతంగి వేషం, సున్నపు కుండల వేషం వస్తాయి. హంతకుడు జాతర జనంలో కలిసిపోవడం కథకు మంచి ఎత్తుగడే. అయితే జాతర మొదటి రోజున ఒంటినిండా గంధంతో, దొర వేషంలో తిరుగుతున్నాడంటే అతను జనంలో కలవడు సరికదా, తిరుపతి వీధిలో చిన్నపిల్లలు కూడా వేలెత్తి చూపిస్తారు. బొగ్గు పూసుకున్న తోటి వేషం వెనుకనే బైరాగి వేషం వచ్చే సన్నివేశం కనిపిస్తే, రెండు రోజుల దృశ్యాలను ఒకే రోజుగా అతికించారని అర్థం. అదే వారంలో స్వర్ణముఖి నిండుగా పారుతూ శవం కొట్టుకొచ్చినట్టు చూపిస్తే దాన్ని కూడా రాసుకోండి. ఆ నది ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, 2021 నవంబరు వరదలు తిరుపతివాళ్ళు మరిచిపోలేదు. అలాగే చిత్తూరు తోతాపురి మామిడి లోడుతో గుజ్జు ఫ్యాక్టరీ ముందు లారీలు బారులు తీరితే అది జూన్, జులై కాలం. అలాంటి దృశ్యంలో పాత్రలు స్వెట్టర్లు వేసుకుని చలి కాగుతుంటే కథ తేదీ తప్పింది.

సంవత్సరం తేల్చుకోవడం ఇంకా అవసరం. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, అంతకుముందు తిరుపతి చిత్తూరు జిల్లాలో భాగం. కథ 2018లో నడుస్తూ కలెక్టరేట్ బోర్డు మీద ‘తిరుపతి జిల్లా’ అని ఉంటే తప్పు. కానీ 2024 కథలో ఒక పాత కిరాణా కొట్టు బోర్డు మీద ‘చిత్తూరు జిల్లా’ అని ఉంటే అది తప్పు కాదు. ఆ బోర్డులు ఇప్పటికీ మన వీధుల్లో ఉన్నాయి. వాహనాల నంబర్లదీ ఇదే తీరు. రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వరుస 2019లో వచ్చింది. 2016 కథలో ఏపీ 39 కారు ఉండకూడదు, 2023 కథలో చిత్తూరు జిల్లా పాత వరుస ఏపీ 03 కారు హాయిగా ఉండవచ్చు. పాతది కొత్తకాలంలో మిగిలి ఉండగలదు, కొత్తది పాతకాలంలోకి వెళ్ళలేదు. రెండు వేల నోటు 2016 నవంబరుకు ముందు కనిపించకూడదన్నది కూడా ఇదే సూత్రం. మన హైకోర్టు 2019 జనవరి 1 వరకూ హైదరాబాదులో ఉండేదన్న సంగతి బెయిలు సన్నివేశాల్లో ఉపయోగపడుతుంది.

పోలీసుల విషయంలో భుజాలు చూడండి. ఎస్సైకి రెండు నక్షత్రాలు, భుజపట్టీ చివర ఎరుపు నీలం రిబ్బను ఉంటాయి. సీఐకి మూడు నక్షత్రాలు, అదే రిబ్బను. డీఎస్పీకి మూడు నక్షత్రాలే, రిబ్బను ఉండదు. రిబ్బను పెట్టుకున్న వ్యక్తిని ‘డీఎస్పీ గారూ’ అని పిలిచే సన్నివేశాలు నేను ఎన్నో చూశాను. తిరుపతికి, చిత్తూరుకు పోలీసు కమిషనర్ లేరు. రెండు జిల్లాల్లోనూ ఎస్పీయే పోలీసు అధిపతి. ‘కమిషనర్ గారు పిలుస్తున్నారు’ అన్న సంభాషణ వినిపిస్తే ఆయన మునిసిపల్ కమిషనర్ అయి ఉండాలి. రేణిగుంట దగ్గర రైలు పట్టాల మీద శవం దొరికితే ముందుగా వచ్చేది రైల్వే పోలీసులు. యాస గురించి కూడా ఒక మాట. ఎస్పీ ఎక్కడివారైనా కావచ్చు. కానిస్టేబుళ్ళ ఎంపిక జిల్లా స్థాయిలో జరుగుతుంది కాబట్టి, పుత్తూరు స్టేషన్ సెంట్రీ ‘యాడికి పోతా ఉండావబ్బా’ అనకుండా గోదావరి యాసలో సాగదీస్తే దానికి కథ ఒక కారణం చెప్పాలి.

చట్టం దగ్గర నేను స్వయంగా ఒకసారి పొరబడ్డాను, ఆ అనుభవం చెప్పడం అవసరం. 2024 చివర ప్రసారమైన ఒక ధారావాహికలో ఎఫ్ఐఆర్ కాగితం మీద ‘302 ఐపీసీ’ అని చూసి, 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉందని, హత్యకు సెక్షను 103 అని, ఇది పెద్ద తప్పని నలుగురికీ చెప్పాను. మా మామగారు రెండో ఎపిసోడ్ మళ్ళీ పెట్టమన్నారు. అందులో హత్య జరిగింది 2023 డిసెంబరులో అని ఒక పాత్ర స్పష్టంగా చెబుతుంది. నేరం జరిగిన నాడు ఏ శిక్షాస్మృతి ఉందో దాని కిందే కేసు. తెర మీద ఉన్నది సరైన సెక్షనే. ప్రసార తేదీని కథ తేదీగా తీసుకోవడం వల్ల వచ్చిన పొరపాటు అది. చెప్పిన నలుగురి దగ్గరకూ వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకున్నాను. అప్పటినుంచి క్యాలెండర్ వేయకుండా చట్టం జోలికి వెళ్ళడం లేదు. కథ నిజంగా 2024 జులై తరువాత నడుస్తూ ఉంటే మాత్రం కొత్త చట్టాలు తెచ్చిన మార్పులు కనిపించాలి. సోదా, స్వాధీనాలను ఆడియో వీడియో రికార్డు చేయాలి. ఎవరూ ఫోన్ కూడా తీయకుండా బీరువాలు తెరిచేస్తుంటే రాసుకోండి. అసాధారణ పరిస్థితిలో, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో మహిళా అధికారి వచ్చినప్పుడు తప్ప, సూర్యాస్తమయం తరువాత మహిళను అరెస్టు చేయకూడదన్నది పాత చట్టంలోనూ ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది.

శవం చుట్టూ జరిగే సన్నివేశాల్లో డాక్టరు ‘రాత్రి 10 గంటల 42 నిమిషాలకు చనిపోయాడు’ అంటే వెంటనే ఆపండి. శరీర లక్షణాలను బట్టి చెప్పగలిగేది గంటల అంచనాయే. మన దేశంలో మరణానంతరం ఒకటి రెండు గంటల్లో కండరాలు బిగుసుకోవడం మొదలై, సుమారు పన్నెండు గంటలకు ఒళ్ళంతా వ్యాపించి, మరో పన్నెండు గంటలు నిలిచి, తరువాతి పన్నెండు గంటల్లో సడలుతుందని వైద్య విద్యార్థులకు స్థూలంగా చెబుతారు. తిరుపతి మే నెల ఎండలో ఇదంతా ఇంకా త్వరగా ముగుస్తుంది. అందువల్ల మండుటెండలో రెండు రోజులు పడి ఉన్న శవం చేయి కర్రలా బిగిసి ఉన్నట్టు చూపిస్తే సరికాదు. రక్తం రంగు కూడా అంతే. అది ఆరేకొద్దీ ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, మర్నాటి ఉదయానికి కుంకుమలా మెరవదు. తిరుపతి ప్రభుత్వాసుపత్రి రుయా మార్చురీలో అర్ధరాత్రి హత్య కేసు పోస్టుమార్టం జరిగినట్టు చూపిస్తే ఒకటి గుర్తుంచుకోండి. సూర్యాస్తమయం తరువాత పోస్టుమార్టానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2021 నవంబరులో వీలు కల్పించినా, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప హత్య, ఆత్మహత్య, అత్యాచారం అనుమానమున్న కేసులను అందులోంచి మినహాయించింది. రుమాలు మీద క్లోరోఫాం చల్లి ముక్కుకు అదిమితే రెండు సెకన్లలో మనిషి వాలిపోడు, దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఫోన్ టవర్ లొకేషన్ ఒక ఇంటి గుమ్మాన్ని చూపించదు. తిరుపతి నగరం నడిబొడ్డున అది కొన్ని వీధుల మేర ఉంటే, టవర్లు తక్కువగా ఉండే భాకరాపేట ఘాట్ వైపు కిలోమీటర్ల మేర ఉంటుంది.

ఎర్రచందనం లేకుండా మన ప్రాంతపు నేరకథ ఉండదు కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి. అధికారి స్వాధీనం చేసుకున్న దుంగను వంగి వాసన చూసి, కళ్ళు మూసుకుని ‘అసలు సరుకే’ అనే సన్నివేశం చాలామందికి గొప్పగా అనిపిస్తుంది. ఎర్రచందనానికి సువాసన లేదు. సువాసన ఉన్నది శ్రీగంధానికి, అది వేరే చెట్టు. శేషాచలం అడవుల్లో తిరిగినవాళ్ళు ఎర్రచందనాన్ని రంగుతో, బరువుతో గుర్తుపడతారు. పైబెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది, గొడ్డలి వేటు పడిన చోట లోపలి చేవ ముదురు ఎరుపుగా బయటపడుతుంది. ముదిరిన చేవ నీటికన్నా బరువు. అందువల్ల దుంగలు వాగులో తేలుతూ పోతుంటే స్మగ్లర్లు కింద ఒడ్డున అందుకునే దృశ్యం అసంభవం, ఆ దుంగలు మునిగిపోతాయి. ఒక్క మనిషి మూడడుగుల మందమున్న దుంగను భుజాన వేసుకుని పరుగెత్తడం కూడా అంతే. ఈ తప్పులు నన్ను నిజంగా బాధిస్తాయి, ఎందుకంటే ఈ చెట్టు సహజంగా పెరిగేది మన చుట్టుపక్కల కొండల్లోనే. దాన్ని చూపించేటప్పుడు ఒక్క అటవీ ఉద్యోగిని అడిగినా సరిపోయేది.

ఘాట్ రోడ్డు వెంటాటల్లో దిశ చూడండి. తిరుమలకు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974 నాటి రెండో ఘాట్ రోడ్డు ఎక్కడానికి. ఎక్కుతున్న హీరో జీపుకు ఎదురుగా విలన్ కారు దిగి వస్తే అక్కడే ఆపి రాసుకోండి. నిర్ణీత సమయం కన్నా ముందే చేరిన వాహనానికి జరిమానా వేసే దారి అది, అంటే బండి కదలికకు సమయంతో సహా లెక్క ఉంటుంది. హంతకుడు ఏ సమయంలో ఎక్కడున్నాడో తెలియక పోలీసులు మూడు ఎపిసోడ్లు తికమకపడితే, టోల్‌గేటును ఎందుకు అడగలేదన్న ప్రశ్న న్యాయమైనదే. కాలినడక సాక్ష్యాలనూ లెక్క వేయండి. అలిపిరి మెట్ల దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. దాన్ని అరగంటలో ఎక్కేశానన్న నిందితుడి మాటను తెర మీది సీఐ నమ్మినా మనం నమ్మనక్కరలేదు.

దేన్ని తప్పుగా లెక్కించకూడదో కూడా చెప్పాలి. కొండ మీద చిత్రీకరణకు ఆంక్షలు ఉన్నాయి కాబట్టి వేరే కొండను తిరుమలగా చూపించడం తప్పు కాదు. ఫోన్ నంబరులో ఒక అంకె తగ్గించి చూపిస్తే, అది ఎవరో ఒకరి అసలు నంబరు కాకుండా తీసుకున్న జాగ్రత్త. ఆరు నెలల దర్యాప్తును ఆరు రోజులుగా కుదించడం కథా సౌకర్యం, అయితే తేదీలు పైకి చెప్పి కుదిస్తే మాత్రం దోషమే. ఒక పాత్ర తప్పు మాట్లాడటం కూడా ధారావాహిక తప్పు కాదు. అబద్ధమాడే సాక్షి అబద్ధమే చెప్పాలి.

చివరగా తూకం. పుస్తకంలో నలభై లోపాలు చేరాక, ఏ లోపాన్ని సరిదిద్దితే కథ ముడి ఊడిపోతుందో చూడండి. టీ గ్లాసు మట్టం మారితే కథకేమీ కాదు. కానీ, ముగింపులో విలన్ స్టేషన్‌లో డీఎస్పీ ముందు నేరం ఒప్పుకున్నాడని, ఆ ఒప్పుకోలుతోనే శిక్ష పడిందని చూపిస్తే మొత్తం కథ కూలుతుంది. పోలీసు అధికారికి ఇచ్చిన ఒప్పుకోలును కోర్టులో నిందితుడిపై రుజువుగా వాడలేరు. ఆ మాట ఆధారంగా కత్తి వంటి వస్తువు బయటపడితే, దానికి సంబంధించినంత వరకే పనికొస్తుంది. అనుమతి లేకుండా చేసిన నార్కో పరీక్షలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. వీటి పక్కన, జడ్జి బల్ల మీద సుత్తి కొట్టడం, సాక్షి గీత మీద చేయి వేయడం చిన్నవే. మన కోర్టుల్లో ఆ రెండూ లేవు, ప్రమాణం దేవుడి పేరున గానీ మనస్సాక్షిగా గానీ చేస్తారు. అయినా వీటిని చివరి పేజీలో పెట్టండి.

నిర్మాతలకో చానెల్‌కో రాసేటప్పుడు అయిదారు బరువైన తప్పులే రాయండి. ఒక్కోదానికి ఎపిసోడ్, నిమిషం, కనిపించినది, ఉండాల్సినది, ఆధారం, ఈ వరుసలో రెండు మూడు వాక్యాలు చాలు. నటుల గురించి, రచయిత తెలివి గురించి ఏమీ రాయకండి. వీలైతే సరిదిద్దే మార్గం కూడా సూచించండి. ‘కమిషనర్’ అన్న మాటను ‘ఎస్పీ’గా డబ్బింగ్‌లో మార్చవచ్చు, తిరగబడిన పమిటను ఇక మార్చలేరు. మీరు చూసింది టీవీ ప్రసారమా, ఓటీటీలో ఉన్న ప్రతియా అన్నది తేదీతో సహా పైన రాయండి. రెండింటి మధ్య కొన్ని సన్నివేశాలు కత్తిరిస్తారు, నిమిషాలు మారిపోతాయి, మీరు చెప్పిన 14వ నిమిషం వాళ్ళకు 11వ నిమిషం అవుతుంది.